తిరుపతమ్మకూ ఒక సోమవారం

"ఎక్కం ఏదే తిరుపతమ్మా? నాకు వినపళ్ళా!"

డ్రిల్లు మాస్టారు ఇశ్రాయేలు గారు గ్రౌండు మధ్యలో నిలబడి అరిచారు. తిరుపతమ్మ వినిపించుకుంటేగా! లంగా అంచు బొడ్లో దోపుకుని, పళ్ళు బిగబట్టి, సున్నం గీత వెంట ఒకటే పరుగు.

పరుగులో ఎక్కం ఏమిటని మీకు అనుమానం రావచ్చు. అది మాస్టారి పద్ధతి. కొత్తగా పరుగు నేర్చుకునేవాళ్ళు పదమూడో ఎక్కం పైకి చెబుతూ పరిగెత్తాలి, అయిపోతే మళ్ళీ మొదటినుంచి. ఎక్కం సాఫీగా సాగితే పరుగు సరిగ్గా ఉన్నట్టు. మాట రాక రొప్పు వస్తే వేగం మితిమీరినట్టు. అప్పుడు తగ్గించాలి. తగ్గించినా రొప్పు ఆగకపోతే కాసేపు నడవాలి.

తిరుపతమ్మకు నడవడమంటే ఒళ్ళుమంట. అందులోనూ తన క్లాసు బాబూరావు చూస్తుండగా నడవడమా? ప్రాణం పోయినా సరే, నడవదు.

రెండు రౌండ్లు తిరిగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వగరుస్తూ నిలబడింది. మాస్టారు దగ్గరికి వచ్చారు.

"ఎవరు తరుముతున్నారే నిన్ను?"

"ఎవరూ తరమట్లేదు సార్. నేను ఏడో క్లాసులో అందరికంటే ముందుండాలి."

ఆ పంతానికి కారణం ఉంది. మాచర్లలో ఆటల పోటీలు జరగబోతున్నాయి. ఆ స్కూలు నుంచి దూరపు పరుగుకు ఇంతవరకు ఒక్క ఆడపిల్ల కూడా వెళ్ళలేదు. తిరుపతమ్మ వెళ్తానని చెయ్యెత్తితే హెడ్మాస్టరు నాగభూషణరావు గారు కళ్ళజోడు పైనుంచి చూశారు.

"వచ్చే శుక్రవారం కాక ఆ పై శుక్రవారం మగపిల్లలతో పాటు గ్రౌండు చుట్టూ ఎనిమిది రౌండ్లు పరిగెత్తు. మధ్యలో ఆగితే మాత్రం ఇక ఆ మాట ఎత్తొద్దు" అన్నారు.

"దీంతో ఏమవుద్ది సార్, నాలుగో రౌండుకే ఏడుస్తది!" అన్నాడు బాబూరావు. క్లాసంతా నవ్వింది. తిరుపతమ్మ చెవులు ఎర్రబడ్డాయి. అదిగో, అప్పటినుంచి ఆ పిల్లకు కాలు నిలవడం లేదు.

"ఇదిగో, సరిగ్గా విను" అన్నారు మాస్టారు. "ఎక్కం ఆగకుండా పరిగెత్తు. సోమవారం, గురువారం అసలు పరిగెత్తొద్దు. కాళ్ళు బలం పుంజుకునేది ఆ సెలవు రోజుల్లోనే."

"సోమవారం సెలవు ఎద్దులకి గదా సార్! నేనేం ఎద్దునా?"

పిల్లలు గొల్లుమన్నారు. ఆ ఊళ్ళో సోమవారం ఎవరూ ఎద్దుల మెడ మీద కాడి పెట్టరు. సోమవారం శివుడిది, నంది కూడా ఎద్దే కదా. అరక కట్టరు, బండి కట్టరు. కడుపునిండా మేత వేసి, మెడలకు ఆముదం రాసి, కొట్టంలో వదిలేస్తారు. తిరుపతమ్మ నాన్న సాంబయ్య నాపరాళ్ళ బండి తోలతాడు. ఆదివారం దాకా క్వారీ నుంచి బండలు లాగిన ఎర్రోడికీ మచ్చలోడికీ సోమవారం ఆముదం రాసేది తిరుపతమ్మే. అయినా చూడండి, నేనేం ఎద్దునా అంటోంది!

మాస్టారు నవ్వారు. "సరే, నీ ఇష్టం. నీ కాళ్ళే నీకు చెప్తాయి."

కాళ్ళు చెప్పాయి. తిరుపతమ్మ వినలేదు.

తెల్లారగానే క్వారీ బాటలో పరుగు. సాయంత్రం బడి వదలగానే మళ్ళీ పరుగు. ఎక్కం లేదు, నడక లేదు, సెలవు లేదు. సోమవారమూ పరిగెత్తింది, గురువారమూ పరిగెత్తింది. గురువారం రాత్రికి మోకాలి కింద ముందెముక సలపడం మొదలైంది. మంచం దిగితే "అబ్బా" అనాలనిపించింది. అనలేదు. అంటే నాయనమ్మ రత్తమ్మ పరుగు మాన్పించేస్తుందని భయం.

మర్నాడు డ్రిల్లు పీరియడులో అందరూ కలిసి పరిగెత్తారు. తిరుపతమ్మ మొదటి రౌండులో అందరికంటే ముందుంది. రెండో రౌండులోనూ ముందే ఉంది. మూడో రౌండులో డొక్కలో పొడిచినట్టయింది. నాలుగో రౌండులో కాలు నేల మీద మోపలేక సున్నం గీత మీదే కూలబడింది.

"చెప్పలా? నాలుగో రౌండే!" అంటూ బాబూరావు పక్కనుంచి దూసుకుపోయాడు.

ఎంత ఉడుకుమోత్తనం వచ్చిందో! పై శుక్రవారానికి ఇంకా వారం ఉంది కదా, ఇంకా ఎక్కువ పరిగెత్తి చూపిస్తా అనుకుంది. శనివారం పరిగెత్తింది. ఆదివారం కుంటుతూ పరిగెత్తింది.

సోమవారం పొద్దున్నే లేచింది. నాన్న మొదటి బస్సుకు గురజాల వెళ్ళాడు. అమ్మ మిరప చేనికి పోయింది. తిరుపతమ్మ గుట్టుగా బయటికి జారుకుంటుంటే కొట్టంలో అలికిడి అయింది. పక్కింటి బాలకోటయ్య ఎర్రోడి పలుపు విప్పుతున్నాడు.

"బాబాయ్! ఏంది, ఎద్దుల్ని విప్పుతున్నావు?"

"మా ఎద్దుకి గిట్ట నొప్పిగా ఉందే. క్వారీ కాడ లారీ ఆగి ఉంది. ఒక్క తడవ పోయొస్తా. మీ నాన్నకి నేను చెప్పుకుంటాలే."

"ఇవ్వాళ సోమవారం!"

"తెలుసులేవే. ఒక్క సోమవారానికి ఏమవుద్ది? చూడు, ఎంత దిట్టంగా ఉన్నయ్యో."

తిరుపతమ్మ కుంటుకుంటూనే ఉరికి ఎద్దుల ముందు నిలబడింది. రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"సోమవారం పడుకోబట్టే దిట్టంగా ఉన్నయ్యి! నిన్నటిదాకా బండలు లాగినయ్యి. మెడలు ఎట్టా కందినయ్యో కనపళ్ళా నీకు? ఇవ్వాళ కూడా కాడి పెడితే రేపు నడిబాటలో కూలబడతయ్యి. అప్పుడు నువ్వొచ్చి లేపుతావా?"

"ఓసి నీ నోరు పడ! పక్కకి జరుగు."

"జరగను! కావాలంటే నా మెడ మీద పెట్టుకో కాడి!"

బాలకోటయ్య ఆ పిల్లను కింది నుంచి పైకి చూశాడు. కోపం పోయి నవ్వొచ్చింది.

"నీ మెడ మీదా? కాలు నేల మీద మోపలేక కుంటతన్నావు, నువ్వేం లాగుతావే!"

పలుపు మళ్ళీ గుంజకు కట్టేసి, తల ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

తిరుపతమ్మ చేతులు దించింది. గెలిచింది కదా, సంతోషంగా ఉండాలి. లేదు. కూలబడతయ్యి అని తనే అంది. మొన్న సున్నం గీత మీద కూలబడింది ఎవరు మరి? కిందికి చూసుకుంది. మోకాలి కింద వాచి ఉంది. ఎర్రోడి మెడ కందినట్టే అక్కడా ఎర్రగా కంది ఉంది.

ఇంట్లోకి వెళ్ళి ఆముదం గిన్నె తెచ్చింది. ఎర్రోడి మెడకు రాసింది. మచ్చలోడి మెడకు రాసింది. అరచేతిలో ఇంకొంచెం మిగిలింది. రాతి అరుగు మీద కూర్చుని మోకాలి కింద మెల్లగా రాసుకుంది.

నాయనమ్మ గుమ్మంలోంచి చూసింది. "ఏమే, ఎద్దుల ఆముదం నీకెందుకే?"

"నాక్కూడా కావాలి నాయనమ్మా" అంది తిరుపతమ్మ.

నాయనమ్మ వచ్చి పక్కన కూర్చుని రెండో కాలు ఒళ్ళో పెట్టుకుంది.

అంతలో బాటలో బాబూరావు పరిగెత్తుతూ వచ్చాడు. ఆగకుండా ఉన్నచోటే గెంతుతూ అడిగాడు.

"ఏందే, రావా? శుక్రవారమే పరుగు! భయమేసిందా?"

తిరుపతమ్మ కాళ్ళు లేవబోయాయి. అరుగును గట్టిగా పట్టుకుంది.

"ఇవ్వాళ సోమవారం. నేను రాను."

"నువ్వేమన్నా ఎద్దువా?"

"అవున్రా, ఎద్దునే! ఏం, నీకేమన్నా బాధా? పోయి పరిగెత్తుకో పో!"

బాబూరావు వెళ్ళిపోయాడు. వాడి పరుగు వినిపిస్తున్నంతసేపూ ఆ అరుగు మీద కూర్చోవడం ఎంత కష్టమో తిరుపతమ్మకే తెలుసు. పరిగెత్తడం అంతకంటే సులువు. అయినా కూర్చుంది.

మంగళ, బుధవారాల్లో మాస్టారు చెప్పినట్టే ఎక్కం చెబుతూ కాసేపు పరిగెత్తింది, కాసేపు నడిచింది. దారిలో ఎవరు నవ్వినా తల తిప్పలేదు. గురువారం మళ్ళీ అరుగెక్కి కూర్చుంది. సాయంత్రానికి సలుపు చాలావరకు తగ్గింది.

శుక్రవారం స్కూలంతా గ్రౌండు చుట్టూ మూగింది. హెడ్మాస్టరు గారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. విజిల్ మోగగానే మగపిల్లలు దుమ్ము లేపుకుంటూ ఉరికారు. ఆ దుమ్ములో అందరికంటే వెనక తిరుపతమ్మ.

"పదమూడు ఒకట్లు పదమూడు... పదమూడు రెళ్ళు ఇరవై ఆరు..."

"ఇదేం పరుగయ్యా? ఈ పిల్ల లెక్కల పరీక్షకొచ్చిందా?" అన్నారు హెడ్మాస్టరు గారు. చుట్టూ పిల్లలు పడీపడీ నవ్వారు.

తిరుపతమ్మ గొంతు పెంచింది. "పదమూడు మూళ్ళు ముప్పై తొమ్మిది!"

మూడో రౌండుకు ముందువాళ్ళు రొప్పడం మొదలుపెట్టారు. నాలుగో రౌండులో ఇద్దరు ఆగిపోయారు. సరిగ్గా తను కూలబడిన చోటు వచ్చింది. తిరుపతమ్మ ఆ గీతను చూసింది, దాటేసింది. "పదమూడు ఏడ్లు తొంభై ఒకటి!"

ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. నాలుగో తరగతి పిల్లలు ఆమెతో పాటు ఎక్కం అందుకున్నారు. ఆరో రౌండులో డొక్క పట్టుకుని నడుస్తున్న బాబూరావు పక్కకు వచ్చింది.

"ఆగమాక. నడువు, రొప్పు తగ్గినాక పరిగెత్తు" అని చెప్పి, "పదమూడు ఎనిమిదులు నూట నాలుగు" అంటూ ముందుకు పోయింది.

ఆఖరి రౌండులో ఎక్కం ఆపేసింది. దాచుకున్న బలమంతా ఇప్పుడు తీసింది. నాగులు అనే పొడుగు పిల్లవాడు ముందు వచ్చాడు. వాడి వెనకే తిరుపతమ్మ! ఎక్కడా ఆగలేదు. కూలబడలేదు. నిలబడే ఉంది.

బాబూరావు అందరికంటే ఆఖరున వచ్చాడు. కానీ ఎనిమిది రౌండ్లూ పూర్తి చేశాడు. తిరుపతమ్మ వైపు చూసి, నీళ్ళ చెంబు అందించాడు.

హెడ్మాస్టరు గారు కుర్చీలోంచి లేచారు. ఆయన సంతోషం ఇంతా అంతా కాదు. అంతా తన గొప్పే అన్నట్టు చేతులు రుద్దుకున్నారు.

"శభాష్! నువ్వు మాచర్ల పోతున్నావు. మన స్కూలు పేరు నిలబెట్టాలి. రేపటినుంచి రోజూ పొద్దునా సాయంత్రం పరిగెత్తాలి. ఒక్కరోజు కూడా మానడానికి వీల్లేదు, తెలిసిందా?"

ఆ స్కూల్లో హెడ్మాస్టరు గారి మాటకు ఎదురు చెప్పినవాళ్ళు లేరు.

తిరుపతమ్మ చెంబు కింద పెట్టింది. మూతి తుడుచుకుంది. తలెత్తి ఆయన కళ్ళజోడులోకి సూటిగా చూసింది.

"గురువారం పరిగెత్తను సార్" అంది. "సోమవారం అసలే పరిగెత్తను."