ఈ మెయిల్‌తో నమోదు కుదరదు

రక్తదాతలను వెతికిపెట్టే వెబ్‌సైట్ మాది. దాని బాగోగులు చూసేది నేను. ఆ మధ్య ఒక పాత ఉచిత మెయిల్ సర్వీసు నుంచి దొంగ నమోదులు కుప్పలుగా వచ్చిపడ్డాయి. ఒక్కొక్కటీ ఏరడానికి బద్ధకించి, ఆ డొమైన్ మొత్తాన్నీ నిషేధ జాబితాలో పెట్టేశాను. ఒక్క లైను పని. ఇక ఆ మెయిల్ ఉన్నవాళ్లు ఎవరు ప్రయత్నించినా ‘ఈ మెయిల్‌తో నమోదు కుదరదు’ అని వస్తుంది.

మర్నాడు పొద్దున అక్క ఆస్పత్రి మంచం మీంచి ఫోన్ చేసింది.

“రక్తం ఎక్కించాలంటున్నారురా. మనిద్దరిదీ ఒకటే గ్రూపు కదా, వస్తావా?”

“సాయంత్రం వస్తాలే. ఈలోగా మా సైట్లో పెట్టక్కా, నిమిషం పని.”

సాయంత్రానికి అక్క లేదు. పంతొమ్మిదిసార్లు ప్రయత్నించిందని తర్వాత సైటు ప్రయత్నాలన్నీ రాసిపెట్టే లాగ్‌లో చూశాను. ఆ మెయిల్ పదేళ్ల కిందట ఆమెకు చేసిచ్చింది నేనే. ఏ సర్వీసులో చేశానో కూడా గుర్తుపెట్టుకోని ఘనుణ్ణి. బావకు ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం. ఆఫీసులో అందరూ భోజనాలకు వెళ్లారు. ఉన్నట్టుండి ఏసీ ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో సన్నగా స్పిరిట్ వాసన. తెర మీద లాగ్ కదిలింది. తిరస్కరించిన నమోదు ఒకటి. అక్క మెయిల్... ఇరవయ్యోసారి.

బావకు ఫోన్ చేశాను. “అక్క ఫోన్ ఎవరి దగ్గరుంది బావా?”

“అది ఆ రోజే వార్డులో కిందపడి ముక్కలైంది కదరా. ఏం?”

ఏం లేదని పెట్టేశాను. ఇరవై ఒకటి... ఇరవై రెండు...

ఈసారైనా రానిద్దామనిపించింది. ఏడుపొచ్చింది. జాబితాలోంచి ఆ లైను తీసేశాను.

నమోదు అయింది. మా సైటు ఎప్పటిలాగే అందరికంటే దగ్గరున్న దాతకు మెసేజ్ పంపింది. నా జేబులో ఫోన్ మోగింది.

‘మీ గ్రూపు రక్తం అత్యవసరం. రోగికీ మీకూ మధ్య దూరం: సున్నా.’

కుర్చీ వెనక ఎవరో ఊపిరి పీల్చారు. చెవి దగ్గర... చాలా దగ్గర...

“సాయంత్రమైందిరా.”

తిరిగి చూడలేదు. ఆ లైనే మళ్లీ కొట్టాను. అవును, సొంత అక్కను రెండోసారి గుమ్మంలోనే ఆపేశాను. వాసన పోయింది. ఏసీ మళ్లీ ఆన్ అయింది.

భోజనం చేసి వచ్చిన పక్క సీటావిడ నా వైపు చూసి అడిగింది. “రక్తం ఇచ్చొచ్చారా?”

పొద్దున నేను గుండీ పెట్టుకున్న చొక్కా చెయ్యి పైకి మడిచి ఉంది. మోచేతి మడతలో దూది అంటించి ఉంది. ఇంకా తడిగానే ఉంది.