మా పొయ్యి మీద లేని వాసన

పొద్దున్నే హేమ్లి పొయ్యి దగ్గర కూర్చుని జొన్నరొట్టె తడుతోంది. ఆమె రొట్టె తట్టిందంటే ఆ చప్పుడుకు తండాలో సగం మంది నిద్ర లేస్తారు. లేవాల్సిన మనవరాలు మాత్రం లేవలేదు. భార్గవి మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, చెమటలు కారుతూ మంచం మీదే ఉంది.

అంగన్‌వాడీకి పోబోతున్న కోడలు పుష్ప గుమ్మంలోనే ఆగింది. "మళ్లా నొప్పేనా?"

భార్గవి తలూపింది. పుష్ప చేతిసంచి కింద పడేసింది.

"అయిపోయింది. హాస్టల్ లేదు, నర్సు చదువు లేదు. ఆ సీటు కాయితాలు ఇటియ్యి."

ఈ పిల్లకు గోధుమ పడదని రెండేళ్ల కిందట హైదరాబాదు డాక్టరు తేల్చాడు. పూరీ, చపాతీ, బొంబాయి రవ్వ, బిస్కెట్టు, అన్నీ బంద్. ఇంట్లో ఏ చిక్కూ లేదు, అన్నం, జొన్నరొట్టె తినే ఇల్లు. గడప దాటితేనే గండం. పెళ్లికి పోయినా, చుట్టాలింటికి పోయినా వచ్చి మంచం ఎక్కేది. ఇప్పుడు ఖమ్మంలో నర్సింగు సీటొచ్చింది. సోమవారం చేరాలి. సర్టిఫికెట్టు పని మీద దాదీ హేమ్లితో భద్రాచలం పోయి, బయట ఒక్కపూట తిని బాగుండి వస్తేనే పంపుతానంది పుష్ప. నిన్న పోయొచ్చారు. ఇవాళ ఇదీ సంగతి!

"అత్తమ్మా, నిజం జెప్పు. పూరీ పెట్టినవ్ గదా?"

హేమ్లి చేతిలో రొట్టె ఆగిపోయింది. "నేనెందుకు పెడతనే? బస్టాండు కాడి హోటల్ల పులిహోర తిన్నది. బియ్యమే గదా గది!"

"పోయినేడు పెండ్లిల గూడ గిట్లనే అన్నవ్. కొంగు చాటున పూరీ పెట్టినవ్."

ఆ మాట నిజమే. పిల్ల ఆశగా చూస్తుంటే మనసాగక ఒక్క ముక్క పెట్టింది. తర్వాత పిల్ల మెలికలు తిరిగిపోతుంటే తన చెంపలు తనే వాయించుకుంది. ఆనాటి నుంచి గోధుమ పిండి ముట్టలేదు. కానీ ఇప్పుడు ఎవరు నమ్ముతారు?

"నీ ముద్దుతోని నా బిడ్డను జంపుతవా?" అంది పుష్ప.

"అంత మాటన్నవా పుష్పా!" హేమ్లికి ఏడుపు ముంచుకొచ్చింది.

"అమ్మా, దాదీ ఏం పెట్టలే," అని భార్గవి మంచం మీద నుంచే మూలిగింది.

హేమ్లి కళ్లు తుడుచుకుంది. ఏడుస్తూ కూర్చుంటే పిల్ల సీటు పోతుంది. అదే బియ్యం, అదే చింతపండు. ఇంట్లో పడ్డది అక్కడెందుకు పడలేదు? పిల్ల మిగిల్చిన పులిహోర పొట్లం సంచిలోనే ఉందని గుర్తొచ్చింది. తీసి వాసన చూసింది. ఘాటుగా ఏదో కొట్టింది. నిన్న కూడా ఆ కంపుకే ముక్కు మూసుకుని తన రొట్టె తను తిన్నది. పెళ్లిళ్ల సాంబారులోనూ ఇదే వాసన. తన పొయ్యి మీద మాత్రం ఏనాడూ రాలేదు.

పొట్లం పట్టుకుని రోడ్డు మీది బసవపున్నయ్య కిరాణా కొట్టుకు నడిచింది.

"గిందుల వాసనేంది అయ్యా?"

"ఇంగువ గదా పెద్దమ్మా! ఇంగువ లేకుండ పులిహోరేంది?"

"గది దేనితోని జేస్తరు?"

"ఏదో చెట్టు పాలంట. నాకేం దెల్సు?"

"ఓ డబ్బా ఇయ్యి."

ఇంటికొచ్చి డబ్బా మనవరాలి చేతిలో పెట్టింది. "చదువు బిడ్డా. ఇండ్ల ఏమేం కలిపిండ్రో చదువు."

చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాలు. గోడకు ఆనుకుని భార్గవి కూడబలుక్కుని చదివింది. ఉన్నట్టుండి ఆగింది. "వీట్ ఫ్లోర్... అమ్మా! గోధుమ పిండి!"

పుష్ప డబ్బా లాక్కుని రెండుసార్లు చూసింది. ఎక్కడికి పోయినా "గోధుమ ఉందా?" అని అడిగింది. అందరూ లేదన్నారు. అబద్ధమాడలేదు పాపం, చిటికెడు ఇంగువను పిండి అని ఎవరనుకుంటారు? ఈ ఇంట్లోనైతే ఇంగువ మొహం చూసినవాళ్లే లేరు.

పుష్ప అత్త ముందు కూలబడి, జొన్నపిండి ఎండిన ఆ చేతులు పట్టుకుంది. "నోరు జారిన అత్తమ్మా. కొట్టు నన్ను."

"కొడతలే. ముందుగాల ఆ కాయితాలు పిల్లకియ్యి."

సోమవారం హాస్టల్లో పుష్ప నేరుగా వంటింట్లోకే పోయింది. "ఇంగువ ఎందెందుల ఏస్తవక్కా?" అని వంటామె ముత్యాలును అడిగింది.

"చారుల, సాంబార్ల."

"గది ఏయకముందే మా పిల్లకో గిన్నె తీసిపెడతవా?"

"గంతేనా? తీసిపెడత."

నాలుగో రోజు సెల్‌ఫోను మోగింది. హేమ్లి గబుక్కున ఎత్తింది. "కడుపెట్లుందే?"

"ఆకలైతుంది దాదీ! పొద్దుగాల తిన్న, మధ్యాహ్నం తిన్న, మళ్ల ఆకలైతుంది!"

ఇల్లు దాటితే తిండంటేనే భయపడి, ఆకలి లేదని అబద్ధమాడే పిల్ల. హేమ్లి ఫోను కోడలి చేతికిచ్చింది. "గదే మాట మీ అమ్మకు జెప్పు."

పుష్ప విన్నది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది.

"ఏమన్నవ్? ఇంకోపారి అను బిడ్డా."