గూడు మారిన కగార్రో

నార్బెర్టూ గొంతులోకి వైరు సగం దిగిపోయి ఉంది. ఎదుటి తెర మీద ఒక చుక్క మెల్లగా పైకి వస్తోంది. అది కగార్రో, ఏటా తన గూటికే తిరిగొచ్చే సముద్రపక్షి పేరు పెట్టుకున్నది. సముద్రగర్భంలోని వేడినీటి బుగ్గల మ్యాప్ గీసే రోబో. తనను నడిపే నార్బెర్టూ చచ్చాడని దానికి తెలియదు.

గుమ్మంలో గరిటెతో నిలబడిపోయాడు టెల్మూ. అసోరెస్ దీవుల పరిశోధన ఓడ ‘సాంత ఇరియా’లో అతను వంటవాడు. లిస్బన్ రికార్డుల్లో సీక్రెట్ ఏజెంట్.

శాటిలైట్ ఫోన్‌లో లిస్బన్ నుంచి అతని పై అధికారి కర్నల్ గొంతు కరుకుగా పలికింది. “ఆ మ్యాప్ పైకి రాకూడదని పరాయి ముఠా పంతం పట్టింది. ఓడలో వాళ్ల మనిషి ఉన్నాడు. డాక్టర్ లుడోవికా మన ఏజెంటే. కోడ్ అడిగి కలుపుకో.”

వంటగదికి వచ్చేసరికి ఆమే ఎదురుచూస్తోంది. పసుపు రెయిన్‌కోటు, చూపు తిప్పుకోనివ్వని అందం.

“కాఫీలో ఉప్పెంత?” అన్నాడు.

“సముద్రమంత. ఏంటయ్యా ఈ గొడవ? జ్వరంతో పొద్దుట్నుంచీ కేబిన్ దాటలేదు నేను.”

సెంటు మాటున ఇంకో వాసన టెల్మూ ముక్కుకు తగిలింది. బుగ్గల దగ్గర తిరిగిన రోబో పొట్ట తెరిస్తే చేతులకు పట్టే కంపు అది, సబ్బుకు వదలదు. టెల్మూ మనసు చివుక్కుమంది. ఆమెంటే అతనికి ఇష్టం.

“నా వంటింట్లో కుళ్లిన గుడ్డు ఒక్కటీ లేదు డాక్టర్‌గారూ. మరి పొద్దున కగార్రోను నీళ్లలోకి దింపేముందు దాని పొట్ట తెరవకుండానే మీ చేతులకు ఆ కంపెక్కడిది?”

ఆమె చేతిలో పిస్తోలు సైలెన్సర్ దగ్గింది. టెల్మూ చెవి తమ్మె ఎగిరిపోయింది. మరుగుతున్న సూప్ గిన్నె ఎత్తి ఆమె ముఖాన కొట్టాడు. కేక పెడుతూనే మీద పడింది. పెనుగులాటలో పిస్తోలు మళ్లీ పేలింది. ఈసారి తూటా ఆమె పొట్టలోకి దిగింది.

“దాని కడుపులో బాంబు పెట్టాను,” నెత్తురు కక్కుతూ నవ్వింది. “ఓడ కిందికి రాగానే... అందరూ పోతారు. ఇక ఆపలేవురా వంటోడా!”

ఆపలేడు, నిజమే. ఓడ కింద తాడుకు వేలాడే బీకన్, అంటే సిగ్నల్ పంపే పరికరం, ఎక్కడ పిలిస్తే కగార్రో అక్కడికే వస్తుంది.

టెల్మూ బీకన్ తాడు పైకి లాగాడు. ఆమె పసుపు రెయిన్‌కోటు తొడుక్కుని, నెత్తురోడుతున్న చెవి మీదుగా టోపీ కప్పుకుని, రబ్బరు పడవలోకి దూకాడు. ఆమెను ఎక్కించుకోవడానికి దూరంగా ముఠా చేపల పడవ ఒకటి కాచుకుని ఉంది.

“తొందరగా రండి డాక్టర్! పేలిపోతుందిక్కడ!” అతను ఆ పడవ పక్కకు చేరగానే పై నుంచి ఒకడు అరిచాడు.

టెల్మూ తల ఎత్తలేదు. బీకన్‌ను నీళ్లలోకి వదిలి, తాడు వాళ్ల నిచ్చెనకే ముడేసి, ఇంజను తిప్పాడు. అరిచినవాడికి అప్పుడు టోపీ కింద టెల్మూ గడ్డం కనిపించింది. తుపాకులు మోగాయి. ఒక తూటా భుజంలోంచి దూసుకుపోయింది. పళ్లు బిగించి పడవను ముందుకు ఉరికించాడు.

వెనక సముద్రం లేచి నిలబడింది. చేపల పడవ చెక్కలూ, ఒక చెయ్యీ అతని పక్కనే వచ్చి పడ్డాయి. ‘సాంత ఇరియా’ డెక్ మీద జనం ప్రాణాలతో కేకలు వేస్తున్నారు. టెల్మూకు ఏడుపొచ్చింది.

“మ్యాప్ ఏదయ్యా?” ఫోన్‌లో కర్నల్ గర్జించాడు.

“ముక్కలైంది సార్. బుగ్గలెక్కడికి పోతాయి? బతికున్నాం, మళ్లీ గీసుకుందాం. కగార్రో మాత్రం దారి తప్పలేదు. దాని గూడే నేను మార్చాను.”

“ఇంకేమైనా నష్టమా?”

“సూప్ పోయింది సార్. మళ్లీ మొదట్నుంచీ కాయాలి.”