సూది మింగిన మాట

"ఒంట్లో ఎక్కడైనా ఇనుము ఉందా అమ్మా? ఆపరేషన్లో వేసిన క్లిప్పు, రాడ్డు, లోపల ఉండిపోయిన సూది... ఏదైనా?" స్కాన్ గది గుమ్మంలో అడ్డంగా నిలబడి అడిగింది నర్సు.

ఆమె నోరు విప్పేలోపే భర్త అందుకున్నాడు. "ఏమీ లేవండీ! నాకు తెలియకుండా దాని ఒంట్లో ఏముంటుంది?"

ఆయనకు తెలుసు... తెలిసే లేదన్నాడు!

కామెర్లతో ఆమె కళ్లు పసుపుముద్దలయ్యాయి. దురదకు రక్కుకుని రక్కుకుని ఒళ్లంతా గాట్లు పడ్డాయి. పిత్తం పారే గొట్టం మూసుకుపోయిందని, ఏది అడ్డుపడిందో అయస్కాంతపు యంత్రంలో ఫోటో తీస్తేగాని తెలియదని డాక్టరు చెప్పాడు. ఏది అడ్డుపడిందో ఆమెకు అప్పుడే అనుమానం వచ్చింది. నోరు రాలేదు.

భర్త దర్జీ. అందరూ మాస్టారంటారు. ఆయన పక్కనే ఆమె మిషన్. కొలత సరిచేసేటప్పుడు గుండుసూదులు పెదాల మధ్య బిగించుకోవడం ఇద్దరికీ అలవాటు. కూతురు ఉయ్యాల్లో ఉన్న రోజుల్లో ఒకసారి ఆమె ఒక జాకెట్టు చెయ్యి బిగువుగా కత్తిరించింది. కస్టమరు నాలుగు మాటలని వెళ్లిపోయింది. ఆ కోపంలో, నోట్లో సూదులున్నాయని చూసి కూడా, ఆయన ఆమె వీపు మీద ఒక్క చరుపు చరిచాడు! ఒక సూది గొంతులోకి జారిపోయింది. "అరటిపళ్లు తిను, అదే పోతుంది. ఎవరితోనైనా అన్నావో..." అన్నాడు. ఆమె అనలేదు. సూది మింగినందుకు కాదు, దెబ్బ తిన్నందుకు సిగ్గు! కొట్టినవాడు తలెత్తుకు తిరిగాడు. తిన్నది తల దించుకుంది.

"సరిగ్గా గుర్తు తెచ్చుకోండి. చిన్న సూది ఉన్నా ఆ అయస్కాంతం లాగేస్తుంది. లోపల చీరుకుపోతుంది" అంది నర్సు.

కూతురు నవ్వేసింది. "మా అమ్మ ఒంట్లో ఇనుమా? రక్తంలోనే లేదని డాక్టరుగారు తిడుతున్నారు! పదమ్మా, భయపడకు. నాన్న ఉన్నాడుగా!"

నాన్న ఉన్నాడు. జేబులోని కొలతటేపు చుట్టుకుంటూ, విప్పుకుంటూ, నేల చూస్తూ ఉన్నాడు. ఇప్పుడైనా చెప్పండి... ఒక్క మాట చెప్పండి... ఆమె కళ్లతోనే బతిమాలింది. ఆయన తల ఎత్తలేదు. కూతురి ముందు పరువు కోసం పెళ్లాన్ని ఆ యంత్రంలోకి పంపుతున్నాడు!

ఆమె గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"నేను సూది మింగానమ్మా."

"ఎప్పుడు? ఎలా?" కూతురు కంగారుగా దగ్గరికొచ్చింది.

"మీ నాన్నని అడుగు."

ఎక్స్‌రేలో సూది కనబడింది. అయస్కాంతం ఆలోచన మానేశారు. నోట్లోంచి గొట్టం పంపి, పిత్తనాళంలోకి రంగుమందు ఎక్కించి చూశారు. పేగులోంచి అక్కడికి దూరిన సూది చుట్టూ పిత్తం పేరుకుని పేరుకుని రాయి కట్టింది. దాన్ని ఆ దారినే బయటికి లాగి, చిన్న సీసాలో వేసి చూపించాడు డాక్టరు.

ఆమెకు మత్తు దిగాక మంచం పక్కన కూర్చుని ఏడ్చాడు భర్త. "ఎప్పుడో పోయే ఉంటుందనుకున్నానే... నన్ను క్షమించవే..."

"కొట్టినందుకు ఎప్పుడో క్షమించాను" అంది ఆమె గోడ వైపు తిరిగి. "ఇవాళ 'ఏమీ లేవండీ' అన్నారే... దాన్ని ఏ గొట్టం వేసి తీస్తారు?"

మందులు పట్టుకొచ్చిన కూతురు గుమ్మంలోనే ఆగి అంతా వింది.

ఇంటికొచ్చాక కొట్టు తెరిచారు. ఆమె తన మిషన్ దగ్గర కూర్చుంది. ఒక కస్టమరు కొత్త గౌను వేసుకుని నిలబడితే, ఆయన అలవాటుగా సూదులు పెదాల మధ్య బిగించాడు. కూతురు వచ్చి ఎదురుగా ఒక దూదిదిండు పెట్టింది. అంతకుముందు ఆయన అడుగుల చప్పుడు వింటేనే ఎదురొచ్చే పిల్ల!

"నోట్లోవి తీసి ఇందులో గుచ్చు."

"అదేంటి మాస్టారూ, కొత్త పద్ధతా?" నవ్వింది కస్టమరు.

ఆయన ఒక్కొక్క సూదీ తీసి దిండుకు గుచ్చాడు. నోరు ఖాళీ అయింది. మాట మాత్రం రాలేదు. ఆమె మిషన్ ఆపలేదు.