కమలవ్వ చుట్టిన దారపు బంతి

తెల్లారి మరమగ్గాల సాంచాలు మొదలయ్యాయంటే ఆ నేతగాళ్ల వాడలో పక్క మనిషి మాట కూడా వినబడదు. ఆ రోజు మాత్రం కరెంటు పోయి వాడలో ఒక్క సాంచా నడవలేదు. అందుకే వంటింట్లో అమ్మా బాపుల గుసగుసలు సృజన చెవిన పడ్డాయి.

"ధర్మపురిల గోదారి స్నానమని తోల్కపోత," అంటున్నాడు తండ్రి అంబదాస్. "సత్రంల దించి వస్త."

"మల్ల ఎప్పుడు తెస్తవు?" తల్లి నవనీత అడిగింది.

"పిల్ల పెండ్లి అయినంక చూద్దాం."

ఆ చూడడం ఎన్నటికీ ఉండదని ఇద్దరికీ తెలుసు.

వాళ్లు వదిలేసి వద్దామనుకుంటున్నది మేనత్త కమలవ్వను. అంబదాస్‌కు అక్క. మొగుడు పోయాక పుట్టింటికొచ్చి సృజనను చంకన మోసి పెంచిన మనిషి. నేతపని చేసిన చెయ్యి ఊరుకుంటుందా! ఎవరి గడప ముందు దారం ముక్క కనబడినా ఏరుకొచ్చి, ముడులేసి, బంతి చుట్టి పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చేది. ఎదురింటి లచ్చయ్య మనుమడు జ్వరంతో కరీంనగర్ దవాఖానలో పడ్డాడు. వాడి దిండు కింద కమలవ్వ ఇచ్చిన బంతి దొరికింది. ఇంకేముంది, గోరంత కొండంతయింది. ముడులేసిన దారమంటే బాణామతే, చేతబడే అన్నారు. నిన్న కులపెద్దలు వచ్చి, "మీ అక్కను వాడ దాటియ్యి. లేకుంటే పెండ్లికి ఎవ్వరం రాము. ఎవడన్న ఏమన్న చేస్తే మా పూచీ లేదు," అని చెప్పిపోయారు. ఆ చివరి మాటతో కమలవ్వ ప్రాణానికే ముప్పని ఇంట్లో అందరికీ అర్థమైంది.

సృజన వంటింట్లోకి వెళ్లింది. "అత్తను పారేసొచ్చి నాకు పెండ్లి చేస్తవా, బాపూ?"

"ఒక్క మనిషి పక్కకు జరిగితే అందరం బతుకుతం బిడ్డా. నా కడుపుల మాత్రం మంట లేదా?"

"రేపు బాణామతి చేసిందని నన్నే అంటరు. అప్పుడు నన్ను గూడ దించి వస్తవా?"



అప్పటికే కమలవ్వ సంచి పట్టుకుని గడపలో నిలబడి ఉంది. పెండ్లికని దాచుకున్న కొత్త చీర కట్టుకుంది.

"లొల్లి పెట్టుకోకుండ్రి. నాకన్నీ ఎరుకే. పిల్ల పెండ్లి మంచిగ కావాలె, నేను పోత," అని నవ్వబోయింది. "తమ్మీ, గా సత్రంల రాత్రి లైటు ఉంటదా? చీకటంటే నాకు జర భయం."

నవనీత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

సృజన అత్త సంచిలోంచి ఒక బంతి తీసి వీధిలోకి నడిచింది. లచ్చయ్య అరుగు మీద నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. అందరి ముందూ బంతి విప్పడం మొదలుపెట్టింది. ఇద్దరు లేచి వెనక్కి జరిగారు. నీలం, ఎరుపు, పసుపు దారాలు నేల మీద కుప్పపడ్డాయి. చివరికి చేతిలో ఏమీ మిగలలేదు.

"ఏముంది తాతా గిండ్ల? మీ సాంచల దారమే గదా!"

దారం తగలకుండా లచ్చయ్య కాళ్లు అరుగు మీదికి లాక్కున్నాడు.

వెనక అడుగుల చప్పుడైంది. అంబదాస్ వచ్చి కూతురి పక్కన గొంతుక్కూర్చున్నాడు. దారం కొస వెతికి పట్టుకుని చుట్టసాగాడు.

"మా అక్క ఏడికీ పోదు," అన్నాడు. "పెండ్లికి వస్తరో రారో మీ ఇష్టం."

"గట్ల కాదురా, చిక్కు పడతది," అంటూ కమలవ్వ కళ్లు తుడుచుకుంటూ వచ్చి, తమ్ముడి చేతిలోంచి దారం తీసుకుంది.

అంబదాస్ ఆ చేతులను వదల్లేదు.

"రాత్రి లైటు ఆర్పనక్కా," అన్నాడు ఏడుస్తూ. "నీ మంచం పక్కన్నే పండుకుంట."