కాపలా వంతు

తారు రోడ్డు జెస్సీ ఆన్ ఇంటి ముందు ఆగిపోతుంది. అక్కణ్ణుంచి గ్లెన్ ఉర్రా లోయలోకి గొర్రెలు నడిచిన బాట ఒక్కటే దారి. నవంబరు నెల, భోజనాల వేళ. చీకటితోనే గ్లాస్గోలో కారెక్కిన ఊనా గిలాండర్స్ ఇప్పుడు ఆ ముసలావిడ వంటింట్లో కూర్చుని వేడి వేడి సూపు ఊదుకుంటూ తాగుతోంది. పొయ్యిలో పీట్ అనే ఎండిన బురదమట్టి గడ్డలు నిదానంగా కాలుతున్నాయి. ఊనా ఒళ్ళో ఒక సంచీ, సంచీలో చెక్కపెట్టె, ఆ పెట్టెలో వాళ్ళ నాన్న బూడిద.

"కింద పెట్టవే అమ్మాయ్, ఎవరూ ఎత్తుకుపోర్లే," అంది జెస్సీ ఆన్.

"అలవాటైపోయింది పెద్దమ్మా. దారంతా పక్క సీట్లో పెట్టి బెల్టు కూడా కట్టాను."

"ఏమన్నాడేంటి దారిలో?"

"ఇంకేమంటాడు, మెల్లగా తోలమని సణుక్కుని ఉంటాడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. జెస్సీ ఆన్‌తో ఊనాకి ఫోన్లో పరిచయమే తప్ప ముఖం చూడ్డం ఇదే మొదలు. అయినా ఎప్పట్నుంచో తెలిసిన మనుషుల్లా ఉన్నారు.

ఊనా నాన్న ఫార్కర్ అనాథాశ్రమంలో పెరిగాడు. ఓడలు కట్టే చోట పనిచేస్తుండగా ఇనప రేకు పడి ఎడమ కాలు పాడైంది. అప్పట్నుంచి ఆ కాలు ఈడ్చుకుంటూ నడిచేవాడు. అడుగు, ఈడ్పు, అడుగు, ఈడ్పు... ఆ చప్పుడు మెట్ల మీద వినిపిస్తే చాలు, నాన్న వచ్చేశాడని ఊనాకి చిన్నప్పుడు ప్రాణం లేచొచ్చేది. అతనికి తన వాళ్ళ గురించి తెలిసింది ఒక్క ముక్కే. తాతకి నానమ్మ పేరు ఎఫీ, ఆవిడ ఉత్తరాన ఏదో లోయలో మట్టిలో కలిసింది. "అందరికీ పోయి పడుకోడానికి ఒక చోటుంది, నాకే లేదు," అనేవాడు తాగినప్పుడల్లా. ఆఖరి రోజుల్లో తాగకుండానే అన్నాడు. "నన్ను ఎఫీ పక్కన పెట్టు తల్లీ. మనవాళ్ళ మధ్య ఉంటాను."

మాటిచ్చింది కానీ ఆ ఎఫీని వెతికేసరికి ఊనా తల ప్రాణం తోకకొచ్చింది. జనాభా లెక్కల్లో ఒకసారి ఎఫీ గిలాండర్స్ అని కనిపిస్తుంది, మళ్ళీ లెక్కకి ఉండదు. ఆ రోజుల్లో చావులు నమోదు చేసే పద్ధతే లేదు. ఆ పద్ధతి వచ్చాక ఆవిడ కొడుకు పోయినప్పుడు రాయించినవాడెవడో, తల్లి పుట్టింటి పేరు తెలీదని గీత గీసి ఊరుకున్నాడు. అక్కడితో దారి మూసుకుపోయింది. ఊనా ఎన్ని శ్మశానాలు కాళ్ళరిగేలా తిరిగిందో ఆమెకే తెలీదు. ఏ రాయి మీదా ఎఫీ గిలాండర్స్ లేదు.

ఉండదు మరి. ఆ కొండల్లో ఆడమనిషికి పెళ్ళయినా రాయి మీద చెక్కేది పుట్టింటి పేరే. ఇది గ్రంథాలయంలో ఒకాయన చెప్పేదాకా, స్కాట్లండులో పుట్టి పెరిగి కూడా ఊనాకి తట్టలేదు. పుట్టింటి పేరు ఎలా పట్టుకోవాలో కూడా ఆయనే చెప్పాడు. మొదటి ఆడపిల్లకి అమ్మమ్మ పేరు పెట్టడం వాళ్ళ ఆనవాయితీ. ఎఫీ పెద్ద కూతురి పేరు మార్సలీ. కాబట్టి ఎఫీ తల్లీ మార్సలీయే అయ్యుండాలి. మార్సలీ అనే తల్లికి ఎఫీ అనే కూతురు ఎక్కడ పుట్టిందా అని చర్చి పుస్తకాలు తిరగేస్తే, గ్లెన్ ఉర్రాలో ఒకే ఒక్క ఇల్లు దొరికింది. మెకాస్కిల్ వాళ్ళ ఇల్లు. ఆ రోజు ఊనా గ్రంథాలయంలోనే ఏడ్చేసింది.

"పెట్టెని ఇక్కడే ఉంచి ఊరికే చూసి రారాదూ?" అంది జెస్సీ ఆన్, చేతికర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని.

"పూడ్చడానికేగా వచ్చాను పెద్దమ్మా."

"ఎఫీ తర్వాత అక్కడ ఇంకెవర్నీ పూడ్చలేదు, తెలుసా? ఆవిడ పోయిన వారంలోనే దొర తన గొర్రెల కోసం ఊరు ఊరంతా ఖాళీ చేయించి ఓడెక్కించాడు. ఇక పూడ్చడానికి మనుషులేరీ?"

"అయితే ఏంటట?"

ముసలావిడ పొయ్యికేసి చూస్తూ చెప్పింది. "మావైపు ఒక పద్ధతుంది. ఆఖర్న వచ్చిన శవానిది కాపలా వంతు. ఇంకో శవం వచ్చేదాకా గేటు వదలకూడదు. ఒకే రోజు రెండు చావులైతే మావాణ్ణి ముందు లోపలికి చేర్చాలని శవపెట్టెలు మోసుకుంటూ పరిగెత్తేవాళ్ళట. మా తాత ఒకసారి అలాగే కొట్లాటలో పళ్ళు రాలగొట్టించుకున్నాడు."

ఊనాకి నవ్వాగలేదు. జెస్సీ ఆన్ కూడా నవ్వింది కానీ వెంటనే మానేసింది.

"మీ నాన్న వంతు దింపడానికి ఎవరొస్తారే?"

ఊనాకి తోబుట్టువుల్లేరు, పిల్లల్లేరు. లేచి సంచీ భుజాన తగిలించుకుంది.

"ఫోను దగ్గరుంచుకో. మా లోయలో సిగ్నల్ దొరికేది ఆ శ్మశానం గోడ దగ్గర ఒక్కచోటే. చచ్చినవాళ్ళకి దొరుకుతుంది, మాకు దొరకదు," అంది జెస్సీ ఆన్ గుమ్మందాకా వచ్చి.

శ్మశానం చుట్టూ ఛాతీ ఎత్తు రాతిగోడ. ఒకటే ఇనప గేటు. గడియ బిగుసుకుపోయి, చాలాసేపు గుంజితే గానీ ఊడిరాలేదు. లోపల తడి గడ్డి వాసన, పాత రాళ్ళ వాసన. గోడ వెంబడే సన్నటి బాట ఒకటి చుట్టూ తిరిగి మళ్ళీ గేటు దగ్గరికే వస్తోంది. ఆ బాట మీద గడ్డి మొలవలేదు. గొర్రెలేమో అనుకుంది ఊనా. కానీ లోపల ఎక్కడా గొర్రె పెంట లేదు.

ఎఫీ మెకాస్కిల్ రాయి గేటుకి దగ్గర్లోనే దొరికింది. నాచు గీకి ఒక్కో అక్షరం తడుముకుంటూ చదివింది. "దొరికింది నాన్నా," అంది పైకే. తర్వాత చిన్న గునపంతో తవ్వడం మొదలుపెట్టింది.

సముద్రం మీంచి మంచు వచ్చింది. పగలే మసకబారింది. ముందు కొండ కనబడకుండా పోయింది, తర్వాత అవతలి గోడ. అప్పుడు వినిపించింది.

అడుగుల చప్పుడు.

గోడ వెంబడి, మెత్తగా, తొందర లేకుండా ఎవరో నడుస్తున్నారు. చెప్పుల్లేని కాళ్ళు. ఊనా గునపం ఆపింది. అడుగులు ఆగలేదు. ఒక చుట్టు తిరిగి గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాయి.

"ఎవరైనా వచ్చారా?"

ఆడగొంతు. గేలిక్‌లో, కొండల పాత భాషలో అడిగింది. వెతుకులాట కోసం ఆ భాష కాస్త నేర్చుకుంది గనక ఊనాకి అర్థమైంది. గాలి అనుకుందామంటే గాలి లేదు... మంచు కదలకుండా నిలబడి ఉంది. త్వరగా పని కానిచ్చి పోవాలి, అంతే. పెట్టెని గుంటలో దించి పైన మట్టి కప్పేసింది.

గేటు దగ్గర ఎవరో పెద్దగా నిట్టూర్చారు. గడియ లేచింది. గేటు తెరుచుకుని మూసుకుంది. చెప్పుల్లేని అడుగులు గడ్డి మీద పరిగెడుతూ లోయ కిందికి దూరమైపోయాయి.

అంతా నిశ్శబ్దం.

తర్వాత, గోడ వెంబడే... అడుగు. ఈడ్పు. అడుగు. ఈడ్పు.

ఊనాకి పై ప్రాణాలు పైనే పోయాయి. "నాన్నా?" అంది.

చప్పుడు ఒక చుట్టు తిరిగి గేటు దగ్గర ఆగింది. "ఎవరైనా వచ్చారా?" నాన్న గొంతే. గేలిక్‌లో ఒక్క ముక్క రాని మనిషి అదే భాషలో అడుగుతున్నాడు.

"నేనే నాన్నా, ఊనాని."

"ఎవరైనా వచ్చారా?"

కూతురన్న గుర్తే లేదు ఆ గొంతులో. విసుగూ లేదు, ఆశా లేదు. ఎఫీ ఎన్ని తరాలు అలా తిరిగిందో ఊనాకి అప్పుడు తెలిసొచ్చింది. నాన్న తర్వాత ఇక్కడికి ఎవరూ రారు. ఎప్పటికీ రారు. పడుకోడానికి చోటు కావాలన్న మనిషిని తీసుకొచ్చి ఈ కుంటికాలితో నడవమని వదిలేసింది తనే. గునపం కూడా అందుకోకుండా గోళ్ళతో మట్టి తోడి పెట్టెని బయటికి లాగి గుండెలకి హత్తుకుంది.

ఈడ్పు ఆగిపోయింది.

గేటు దగ్గరికి పరిగెత్తింది. గడియ కదల్లేదు. రెండు చేతులా గుంజింది, కాలితో తన్నింది. గోడెక్కబోతే రాళ్ళు తడికి జారి మళ్ళీ లోపలే పడింది. జేబులో ఫోను తీస్తే, సిగ్నల్ దొరికే ఈ ఒక్కచోటా ఒక్క గీత కూడా లేదు. మంచు గోడ లోపలికి దిగి ముఖం మీదికొచ్చేసింది. తన ఊపిరి తనకే అడ్డొస్తోంది. ఆ చోటంతా ఒక మనిషి కోసం చూస్తున్నట్టుంది, గేటుని కాపలా లేకుండా వదిలేస్తే ఒప్పుకోనట్టుంది.

"నన్ను పోనివ్వు," అంది. గడియ కదల్లేదు.

"ఆయన్నిక్కడ వదలను." కదల్లేదు.

ఏడుస్తూ, ఏమంటోందో కూడా ఆలోచించకుండా గొణిగింది. "ఆయన వంతు నేను చేస్తాను... ఇప్పటికి వదిలెయ్..."

గడియ తనంతట తనే లేచింది.

జెస్సీ ఆన్‌కి చెప్పను కూడా చెప్పకుండా ఆమె ఇంటి ముందున్న కారెక్కేసింది. కారు గ్లాస్గో చేరేదాకా వెనక్కి చూడలేదు. పెట్టెని నాన్న కుర్చీ పక్కన అలమరలో పెట్టి, "ఇదే మన చోటు నాన్నా, ఇక్కడే ఉందాం," అని చెప్పింది. ఆ తర్వాత మెట్ల మీద ఏ చప్పుడూ రాలేదు. నాన్న పడుకున్నాడు అనిపించింది. మనసు కుదుటపడింది.

కాళ్ళే ఊరుకోలేదు. ఆ రోజు నుంచి పిక్కలు పీకేస్తున్నాయి. ఇల్లు కదలకపోయినా అరికాళ్ళు బొబ్బలెక్కాయి. కూర్చుంటే నొప్పి, పడుకుంటే నొప్పి. ఎప్పుడూ నడుస్తూనే ఉన్నట్టుంది. చలికి తిమ్మిరెక్కాయేమో అనుకుని వేణ్ణీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. అప్పుడు ఫోను మోగింది. జెస్సీ ఆన్.

"ఊనా? ఎక్కడున్నావే?"

"ఇంట్లో పెద్దమ్మా. చెప్పకుండా వచ్చేశాను, ఏమనుకోకు."

అవతల గాలి చప్పుడు, దూరంగా గొర్రెల అరుపులు.

"ఇంట్లో ఉన్నావా?"

"అవును. ఏమైంది?"

"మరి ఇక్కడున్నది ఎవరే?" ముసలావిడ గొంతు బాగా తగ్గించింది. "నువ్వొచ్చిన రోజు నుంచి చూస్తున్నాను. కారు లేదు, నువ్వు మాత్రం శ్మశానం గోడ వెంబడే తిరుగుతున్నావు. చలికి చస్తావు, వచ్చి టీ తాగి పొమ్మని పిలుద్దామని వచ్చాను. గేటు వదిలి రాలేనన్నావు. నీ గొంతే... అందుకే ఇక్కణ్ణుంచే నీకు చేశాను. గేటు ముందే నిలబడ్డాను."

"వెనక్కొచ్చెయ్ పెద్దమ్మా. ఇప్పుడే వచ్చెయ్."

ఫోన్లో గడియ లేచిన చప్పుడు వినిపించింది. దాని వెంటే ఒక గొంతు. ఊనా సొంత గొంతు. తనకి ఎన్నడూ పలకరానంత చక్కగా, ఆ పాత భాషలో.

"ఎవరైనా వచ్చారా?"

"ఏయ్, చెయ్యి వదులు..." అంది జెస్సీ ఆన్. గేటు తెరుచుకుంది. మూసుకుంది.

ఊనా పేరు పెట్టి పిలిచింది, అరిచింది. ఫోన్లో గొర్రెలు మాత్రమే అరుస్తున్నాయి. చాలాసేపటికి గోడ వెంబడి చేతికర్ర టకటకమంటూ, తొందర లేకుండా, దూరంగా వెళ్ళడం వినిపించింది.

బకెట్లో ఊనా కాళ్ళ నొప్పి ఒక్కసారిగా తీసేసినట్టు పోయింది. ప్రాణానికి ఎంతో హాయిగా ఉంది. అది తెలిసి ఏడుపొచ్చింది.