మూడో కొయ్యబొమ్మ

గోడకు అంటించిన బొమ్మే కదా, ఊడదీస్తే ఏం పోయిందని ఇందాక నవ్వావు చూడు, ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఎవడో చెమటోడ్చి చెక్కినదాన్ని, నీది కానిదాన్ని, పనికిరానిదని తేల్చడానికి నువ్వెవడివి? నోరు మూసుకుని ఇది విను. సూరత్‌లో మన తెలుగువాళ్ల బస్తీ అంతా ఎరిగిన సంగతే. విన్నది విన్నట్టు చెబుతాను.

గోపీపురాలో ఒక సందు ఉంది. చీకటి పడితే అటు ఎవరూ పోరు. పోక తప్పకపోతే ఎడమ గోడకు రాసుకుంటూ నడుస్తారు. ఎందుకంటే కుడి పక్కన ఆ ఖాళీ ఇల్లుంది. పాతకాలపు కొయ్య ఇల్లు. వీధి అరుగు మీదికి పొడుచుకొచ్చిన బాల్కనీ, దాని కింద వరసగా నాలుగు కొయ్యబొమ్మలు. నలుగురూ ఆడవాళ్లే, చేతులు పైకెత్తి... ఆ బొమ్మలు రాత్రిళ్లు మూలుగుతాయట. పోయేవాళ్లను పేరు పెట్టి పిలుస్తాయట. పలికితే మనిషి దక్కడట.

ఆ చెడ్డపేరు పుట్టించింది నరహరి.

నరహరి తాత సిరిసిల్ల నుంచి మగ్గం పనికి వచ్చాడు. నరహరికి మగ్గం చప్పుడు పడలేదు. కొత్త అపార్టుమెంట్లకు బొమ్మలు బిగించే పనిలో చేరాడు. గేటు మీద సింహాలు, బాల్కనీల కింద ఏనుగు తలలు, స్తంభాలకు నాట్యగత్తెలు. అన్నీ ఫైబరువే. ఒక్క చేత్తో ఎత్తొచ్చు. నాలుగు స్క్రూలు, కాస్త గమ్ము, అయిపోయింది. బిల్డరుకు నచ్చకపోతే మర్నాడు పీకేసి ఇంకోటి. పన్నెండేళ్లలో అతను బిగించిన బొమ్మ ఒక్కటీ చిటికెడు బరువు మోయలేదు. ఏ కాలపు బొమ్మయినా అంతేననుకున్నాడు.

పాత సామాను కొనే ఓంప్రకాష్ ఒకరోజు అతన్ని ఆ సందులోకి తీసుకుపోయాడు.

"నరహరి భాయ్, నాలుగూ తెచ్చివ్వు. హోటళ్లవాళ్లు కళ్లకద్దుకుని తీసుకుంటారు."

ఇంటివాళ్లు ఎక్కడో దూరాన ఉన్నారు. అడ్డమల్లా సందులో మనుషుల రాకపోకలే. అందుకే నరహరి దయ్యం కథ అల్లి వదిలాడు. మన దిక్కు ముసలివాళ్ల దగ్గర చిన్నప్పుడు విన్న ముక్క కూడా దానికి అతికించాడు: పేరు పెట్టి పిలుస్తది, పలుకొద్దు అని.

అతని పెద్దమ్మ బుచ్చవ్వ ఒక్కతే నమ్మలేదు.

"ముప్పై ఏండ్లు గా ఇంట్ల గచ్చు కడిగిన. నాకు దొరకని దయ్యం నీకెక్కడ దొరికిందిరా?"

"నిన్ను చూసి దాక్కున్నదేమో పెద్దమ్మా!"

"నవ్వు కొడుకా, నవ్వు. గా ముసలి సేఠ్ ఏడాదికోసారి బొమ్మలకు నాతోని నూనె వట్టిచ్చేటోడు. మోసేటోళ్లు వాళ్లు, జర మంచిగ తుడువు అనేటోడు."

"సేఠ్‌కు పిచ్చి లేసింది," అన్నాడు నరహరి.

ఒక అర్ధరాత్రి మొదటి బొమ్మను కోశాడు. ఏమీ కాలేదు. వారం ఆగి రెండోది. అప్పుడూ ఏమీ కాలేదు. ఒక్కటే తేడా. సందులో జనం నిజంగానే మూలుగు విన్నామనసాగారు. తన అబద్ధం ఇంత బాగా పనిచేస్తున్నందుకు అతను లోలోపల మురిసిపోయాడు.

మూడో రాత్రి...

అరుగెక్కాడు. బొమ్మ పాదాల దగ్గర రంపం పెట్టాడు. పైన ఏదో కిర్రుమంది. ఆగాడు. పాత కొయ్య కదా అనుకున్నాడు. మళ్లీ కోశాడు. మళ్లీ మూలుగు — ఈసారి చెవి పక్కనే. పోదామా అనుకున్నాడు, పోలేదు. పాదాలు తెగాయి. తలను పట్టి ఉంచిన మేకును ఊడగొట్టాడు.

"జర పట్టుకో..."

గుసగుస. ఏ భాషలో వినబడిందో అతను ఇప్పటికీ చెప్పలేడు. అర్థం మాత్రం అదే.

మరుక్షణం బాల్కనీ దూలం జారి అతని భుజం మీద పడింది. రెండు చేతులూ వాటంతటవే పైకి లేచాయి. బాల్కనీ అంతా అతని మీద ఆగింది. కదిలితే కూలుతుంది...

బొమ్మ కింద పడిన చప్పుడు లేదు. అరుగు మెట్లు ఎవరో దిగుతున్నారు — అలసిన మనిషిలా, ఒక్కో మెట్టు మీదా ఆగి ఆగి.

జేబులో ఫోన్ మోగింది. చెయ్యి వదిలితే చావు. మోగింది, మోగింది... ఆగిపోయింది.

ఎంతసేపటికో సందు మొదట్లో టార్చి వెలుగు. అతని భార్య హారతి, ఆమె తమ్ముడు పరమేశ్. ఫోన్ ఎత్తకపోయేసరికి సందు సందూ వెతుక్కుంటూ వచ్చారు. వెలుగు అరుగు దాకా రావడం లేదు. నరహరి ఊపిరంతా కూడదీసుకున్నాడు. మూలుగే వచ్చింది. మళ్లీ కూడదీసుకున్నాడు.

"హారతీ..."

టార్చి ఆగింది.

"పలుకకు అక్కా!" పరమేశ్ ఆమెను వెనక్కి లాగాడు. "పేరు వెట్టి పిలుస్తదని బావనే చెప్పిండు గద!"

"ఆయన గొంతు లెక్కనే ఉందిరా..."

"గట్లనే ఉంటది! నడువ్, చెవులు మూస్కో!"

"హారతీ... నేనే..."

పరుగెత్తిన అడుగుల చప్పుడు. తర్వాత చీకటి.

తెల్లవారి వెలుగులో పాలవాడు చూశాడు. పదిమంది కలిసి దూలానికి గుంజలు పెట్టి నరహరిని బయటికి లాగారు. కోసిన మూడో బొమ్మ ఎక్కడా దొరకలేదు. నేను ముట్టలేదని ఓంప్రకాష్ పిల్లల మీద ఒట్టేశాడు.

ఇప్పుడు నరహరి రెండు చేతులూ భుజాల నుంచి చచ్చుబడ్డాయి. ముద్ద నోటికి అందాలన్నా, ఈగ వాలితే తోలాలన్నా హారతే. ఆమె వేళకు తినిపిస్తుంది, కడుగుతుంది, పక్క మారుస్తుంది. దేనికీ తక్కువ చేయదు. కానీ ఆ రాత్రి సంగతి అతని నోట విన్నాక, మెట్లు దిగి పోయిందెవరో, ఇంటికి చేరిందెవరో ఆమె మనసుకు ఇంకా తేలలేదు. దాహమై అతను రాత్రిళ్లు పేరు పెట్టి పిలుస్తాడు. ఆమె మేలుకునే ఉంటుంది, వింటుంది.

పలకదు.